గొర్రెదాటు ఉంది, మేకదాటు ఏదీ?

ప్రశ్న: ఒకరి వెనక ఒకరు గుడ్డిగా పోతే గొర్రెదాటు అంటాం. మేకలూ మందగానే తిరుగుతాయి కదా, వాటికి ఆ మాట ఎందుకు అంటలేదు?

జవాబు: అన్నా, మాది నెల్లూరు జిల్లా ఉదయగిరి వైపు. వరి కోతలయ్యాక మెట్ట నుంచి మందలు కింది పొలాలకు దిగుతాయి. రాత్రి చేలో మంద కడితే ఎరువవుతుందని రైతులే పిలుస్తారు. ఆ దారిలో పిల్లకాలవ దగ్గర నిలబడి చూస్తే ఈ మాట ఎక్కడ పుట్టిందో తెలుస్తుంది. ముందు గొర్రె ఎక్కడ గెంతిందో వెనకవీ అక్కడే గెంతుతాయి, పక్కనే నడిచి పోయే చోటు ఉన్నా సరే. మేక అట్లా కాదు. ఆగుతుంది, మూతి చాచి వాసన చూస్తుంది, గట్టు కోసం వెతుకుతుంది. గొర్రెల్లో నాలుగు మేకల్ని కలిపేది ఇందుకే. కొత్త దారిలో అవి ముందుంటే గొర్రెలు వెంట పోతాయి. కాపరి టీకి పాలు కూడా వాటివే. ఈ గుడ్డి పోకనే సంస్కృతం వాళ్లు గడ్డరికాప్రవాహం అన్నారు, అదీ గొర్రెల్ని చూసే.

ఇంకొకరు: పుట్టుకలోనే తేడా ఉంది సార్. గొర్రెపిల్ల లేచి నిలబడగానే తల్లి వెంట పడుతుంది. మేక మాత్రం ఈనాక మొదటి రోజుల్లో పిల్లను పొద చాటున వదిలి మేతకు పోయి, మధ్యలో వచ్చి పాలిచ్చి పోతుంది. వలసలో కాపరికి ఇదే టెన్షన్. పొద్దు వాలేసరికి పొదలన్నీ వెతికి పిల్లల్ని ఎత్తుకోవాలి.

అట్లాగని మేకల్లో కట్టుబాటు లేదనుకోవద్దు. తుమ్మకొమ్మ నరికి వేసినప్పుడు చూడండి. కొమ్ములు తిరిగిన పెద్దమేక తల కాస్త వంచితే చాలు, చిన్నవి తప్పుకుంటాయి. పొడిచేదాకా రానివ్వవు.

మాటలూ యాసల గురించి మాట్లాడుకునే మన గ్రూపుకు పనికొచ్చే ముక్క ఇంకొకటి: లండన్ క్వీన్ మేరీ విశ్వవిద్యాలయం వాళ్లు 2012లో తేల్చిన ప్రకారం, ఒకే గుంపులో పెరిగే మేకపిల్లల అరుపులు క్రమంగా ఒకే తీరుకు వస్తాయట. అంటే మేకలకూ యాస ఉంది! నెల్లూరు యాస మీద జోకులేసేవాళ్లు గమనించాలి.

ప్రశ్న అడిగినవారు: బాగుంది. మరి మందకు ముందు నడిచే ఆ మేకను మీ వైపు కాపరులు ఏమని పిలుస్తారు? నిఘంటువులో దొరకలేదు, తెలిసినవాళ్లు మండలం పేరుతో సహా రాయండి.