పదిహేనేళ్లు నిండుతున్న వ్యాగన్‌ఆర్: ఉంచుకోవాలా, మార్చాలా?

ప్రశ్న: విజయవాడ నుంచి

మా ఇంట్లో 2011లో కొన్న మారుతీ సుజుకీ వ్యాగన్‌ఆర్ ఉంది. 998 సీసీ కె-సిరీస్ పెట్రోలు ఇంజను. మొదటి నుంచీ మా చేతిలోనే ఉంది. రిజిస్ట్రేషన్ గడువు మరో నాలుగు నెలల్లో తీరిపోతుంది కాబట్టి ఇప్పుడే ఒక నిర్ణయానికి రావాలి. మా వాడకం పెద్దగా ఉండదు. నాన్నగారిని ఆసుపత్రికి తీసుకెళ్లడం, ఊళ్లో పనులు, అప్పుడప్పుడు రేపల్లె దగ్గరున్న సొంతూరికి వెళ్లి రావడం, అన్నీ కలిపినా ఏడాదికి ఏడు వేల కిలోమీటర్లు దాటదు.

ఈ బండిని వదులుకోవడానికి నాకు మనసొప్పకపోవడానికి ముఖ్య కారణం నాన్నగారి మోకాళ్లు. మా తమ్ముడి సెడాన్‌లో కూర్చోవాలంటే ఆయన నడుము వంచి బాగా కిందికి దిగాలి, లేచేటప్పుడు ఎవరో ఒకరు చెయ్యి అందించాలి. వ్యాగన్‌ఆర్ సీటు దాదాపు కుర్చీ ఎత్తులో ఉంటుంది. ఆయన ముందు సీటు అంచున కూర్చుని, ఆ తర్వాత ఒక్కో కాలూ లోపలికి తీసుకుంటారు. దిగేటప్పుడు కాళ్లు బయట ఆనించి, డోరు చట్రం పట్టుకుని ఎవరి సాయమూ లేకుండా నిలబడతారు. పైకప్పు ఎత్తుగా ఉండడం వల్ల తల కూడా తగలదు.

ఇక ఇబ్బందులు. ఎండాకాలంలో బండి బెంజి సర్కిల్ దగ్గర ఆగిందంటే ఏసీ గాలి వెచ్చబడుతుంది, కదిలాక మళ్లీ చల్లబడుతుంది. ఇంజను ఆన్‌లో ఉంచి ఆగినప్పుడు స్టీరింగు, డాష్‌బోర్డు వణుకుతాయి. స్పీడ్ బ్రేకర్ ఎక్కి దిగినప్పుడల్లా ముందు ఎడమ చక్రం దగ్గర కటకటమని చప్పుడు వస్తుంది. ఊళ్లో మైలేజీ లీటరుకు 14 కిలోమీటర్లకు పడిపోయింది. 2025 సెప్టెంబరులో చిన్న కార్ల మీద జీఎస్టీ 18 శాతానికి తగ్గినప్పటి నుంచి బంధువులందరూ కొత్తది కొనమంటున్నారు. ఇలాంటి పాత బండిని నడుపుతున్నవారు, మరమ్మతుల సంగతి తెలిసినవారు దయచేసి సలహా ఇవ్వగలరు.

సమాధానం: ఖమ్మం నుంచి

ముందు లెక్క చూద్దాం, ఎందుకంటే మైలేజీ పేరు చెప్పి కార్లు మార్చేవాళ్లలో చాలామంది ఈ లెక్క వేసుకోరు. ఏడాదికి ఏడు వేల కిలోమీటర్లు, లీటరుకు 14 చొప్పున, 500 లీటర్ల పెట్రోలు అవుతుంది. లీటరు సుమారు 110 రూపాయలు అనుకుంటే 55,000 రూపాయలు. కొత్త కారు లీటరుకు 20 కిలోమీటర్లు ఇచ్చిందనుకున్నా 350 లీటర్లు కావాలి, అంటే 38,500 రూపాయలు. ఏడాదంతా తిరిగితే మీకు మిగిలేది 16,500 రూపాయలు. ఏడు లక్షల రుణం 9 శాతం వడ్డీకి అయిదేళ్లకు తీసుకుంటే నెలవారీ వాయిదా 14,500 రూపాయల పైచిలుకు పడుతుంది. సంవత్సరం మొత్తం పెట్రోలు మీద మీరు చేసే ఆదా ఒక్క నెల వాయిదాకు కాస్త ఎక్కువ, అంతే. దీనికి లైఫ్ ట్యాక్సు, సమగ్ర బీమా తోడవుతాయి. నెలకు రెండు వేల కిలోమీటర్లు తిరిగేవారి సంగతి వేరు, మీ వాడకానికి మాత్రం పెట్రోలు అసలు కారణమే కాదు.

మైలేజీ తగ్గడంలో ఇంధనం పాత్ర కూడా కొంత ఉంది. ఇప్పుడు బంకుల్లో దొరుకుతున్నది 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు. ఇథనాల్‌లో శక్తి తక్కువ కాబట్టి, దానికోసం తయారు చేయని పాత ఇంజన్లలో మైలేజీ 3 నుంచి 6 శాతం వరకు తగ్గవచ్చని పెట్రోలియం శాఖే చెప్పింది. మీ బండి ఆ ఇంధనం రాకముందు తయారైనది కనుక, ఏడాదికోసారి ఇంధన గొట్టాలను, వాటి కీళ్లను చూపించండి. రబ్బరు మెత్తబడినా, చెమ్మగా కనబడినా, లోపల పెట్రోలు వాసన వచ్చినా ఆలస్యం చేయకుండా మార్పించాలి. ఇది ఖర్చు విషయం కాదు, నిప్పుతో కూడిన విషయం.

సమాధానం: తెనాలి నుంచి

నేను చాలా ఏళ్లుగా కార్ల మరమ్మతు పనిలో ఉన్నాను. మీరు చెప్పిన మూడు లక్షణాలూ మామూలుగా కనిపించేవే, మూడింటికీ మందు ఉంది.

నడుస్తుంటే చల్లగా ఉండి, ఆగితే వేడెక్కే ఏసీని చూడగానే గ్యాసు పట్టేయడం సరైన పద్ధతి కాదు. బండి కదులుతున్నప్పుడు ఎదురుగాలి కండెన్సర్‌ను, అంటే బండి ముందు భాగంలో ఏసీ వేడిని బయటికి వదిలే జాలీని, చల్లబరుస్తుంది. ఆగినప్పుడు ఆ పని ఫ్యాను చేయాలి. కాబట్టి మొదట ఏసీ వేసి బానెట్ తెరిచి, ఫ్యాను తిరుగుతోందా, తిరిగితే పూర్తి వేగంతో తిరుగుతోందా అన్నది చూడాలి. రెండవది కండెన్సర్ రెక్కలు. ముందు గ్రిల్ సందులోంచి టార్చి వేసి చూడండి. పదిహేనేళ్ల దుమ్ము, పురుగులు, ఎండిన బురద పొరలా పేరుకుని ఉంటే గాలి ఎలా దూరుతుంది? తక్కువ ఒత్తిడి నీళ్లతో నిదానంగా కడగాలి. ఎక్కువ ఒత్తిడితో కొడితే సన్నటి రెక్కలు వంగిపోయి ఉన్న దారి కూడా మూసుకుపోతుంది. ఈ రెండూ బాగుండి కూడా చల్లదనం లేకపోతే అప్పుడు గ్యాసు ఒత్తిడి చూడాలి. అది నిజంగా తగ్గి ఉంటే ఎక్కడో కారుతోందని అర్థం. ఏసీ గ్యాసు పెట్రోలులాగా వాడకంతో అయిపోయే సరుకు కాదు. కారే చోటు కనిపెట్టకుండా ప్రతి వేసవిలోనూ నింపుతూ పోతే, గ్యాసుతో పాటు, దాన్ని నొక్కి తిప్పే కంప్రెసర్‌కు కావలసిన నూనె కూడా కొంత పోతుంది, చివరికి కంప్రెసరే పట్టేస్తుంది. ఆ ఖర్చు పెద్దది.

వణుకు విషయానికి వస్తే, మీది మూడు సిలిండర్ల ఇంజను. దానికి సహజంగానే కొంత కంపనం ఉంటుంది, ఆ కంపనం మీ చేతుల దాకా రాకుండా ఆపేవి ఇంజను మౌంట్లు. వాటి రబ్బరు చిట్లిపోయినా, గట్టిపడినా కంపనం నేరుగా బాడీకి చేరుతుంది. మౌంట్లు మార్చాక బండి ఎక్కినవాళ్లు ఇది అదే కారేనా అని అడగడం నేను చాలాసార్లు విన్నాను. మార్చే ముందు ఒకసారి స్పార్క్ ప్లగ్గులు, ఇంజనులోకి గాలిని వదిలే థ్రాటిల్ బాడీ శుభ్రంగా ఉన్నాయేమో చూపించండి, ఒక సిలిండర్ సరిగా మండకపోయినా ఇలాగే వణుకుతుంది. చప్పుడుకు లోయర్ ఆర్మ్ బుష్‌లు (చక్రాన్ని బాడీకి కలిపే కింది చేతికుండే రబ్బర్లు), స్ట్రట్ మౌంటు (షాక్ అబ్జార్బర్‌ను పైన బాడీకి బిగించే రబ్బరు దిమ్మ) చూడాలి. ఇంజను లోపలి వాల్వులను వేళకు కదిలించడానికి ఇందులో టైమింగ్ బెల్టు కాకుండా చైను ఉంటుంది కాబట్టి ఇన్ని కిలోమీటర్లకు మార్చాలనే బెంగ లేదు. ఆయిల్ వేళకు మారుస్తుంటే చాలు.

సీటు ఫోము కుంగిపోయి ఉంటుంది, దాన్ని తప్పకుండా కొత్తగా వేయించండి. మీ నాన్నగారికి కలిసివచ్చే సీటు ఎత్తు ఆ ఫోము మీదనే ఆధారపడి ఉంది. ఈ పనులన్నీ కలిపి, కంప్రెసర్ బాగుంటే, ముప్పై వేల రూపాయల లోపు అవుతాయని నా అంచనా. ఒక్క షరతు: ముందు బండిని లిఫ్టు మీదికి ఎక్కించి అడుగు భాగం చూపించండి. డోర్ల కింది అంచుల్లో నీళ్లు పోయే చిన్న రంధ్రాలు మూసుకుపోతే లోపల నీరు నిలిచి తుప్పు మొదలవుతుంది. డోర్లకు పట్టిన తుప్పును బాగు చేయవచ్చు. అడుగున సస్పెన్షన్ బిగించే చోట రేకును తుప్పు తినేసి ఉంటే మాత్రం రూపాయి కూడా ఖర్చు పెట్టకండి.

సమాధానం: హైదరాబాద్ నుంచి

పైవారిద్దరి మాటలతో ఏకీభవిస్తూనే ఒక సంగతి గట్టిగా చెప్పదలచుకున్నాను. ఆ కాలపు వ్యాగన్‌ఆర్‌లలో ఎక్కువ వాటికి ఎయిర్‌బ్యాగులు లేవు. మన దేశంలో డ్రైవర్ ఎయిర్‌బ్యాగు తప్పనిసరి అయిందే 2019 జూలైలో. ఇది తర్వాత బిగించుకోగలిగే వస్తువు కాదు. అందుచేత ఊళ్లో తిరగడానికి ఈ బండిని నిశ్చింతగా ఉంచుకోండి గానీ, జాతీయ రహదారి మీద దూర ప్రయాణాలకు మీ తమ్ముడి కారు వాడడం మంచిదని నా అభిప్రాయం. వెనక కూర్చున్నవారు కూడా బెల్టు పెట్టుకునేలా చూడండి. పాత బండ్లలో వెనక బెల్టుల బకిల్స్ సీటు సందులో కూరుకుపోయి ఉంటాయి, వాటిని పైకి తీయించండి.

టైర్ల వయసు కూడా చూడండి. తక్కువ తిరిగే బండ్లలో టైరు మీది గాడులు బాగానే కనిపిస్తాయి కానీ రబ్బరు ఎండిపోతుంది. టైరు పక్క గోడ మీద నాలుగంకెల ముద్ర ఉంటుంది. 2319 అని ఉంటే 2019వ సంవత్సరం 23వ వారంలో తయారైందని అర్థం. ఆరేడేళ్లు దాటిన టైర్లను, అందులోనూ పక్కన సన్నని పగుళ్లు కనబడుతున్న వాటిని, మార్చేయడమే క్షేమం.

రిజిస్ట్రేషన్ పొడిగింపుకు ఫారం 25 దరఖాస్తు చేయాలి. గడువుకు 60 రోజుల ముందు నుంచి తీసుకుంటారు. బండిని తనిఖీకి చూపించాలి, బీమా, కాలుష్య ధ్రువపత్రం అమల్లో ఉండాలి, చలాన్లు బాకీ ఉండకూడదు. కారుకు కేంద్రం నిర్ణయించిన రుసుము 2022 ఏప్రిల్ నుంచి 5,000 రూపాయలు, హరిత పన్ను దీనికి అదనం. అయిదేళ్లకు పొడిగిస్తారు. ఆలస్యమైతే నెలకు 500 రూపాయల చొప్పున అపరాధ రుసుము పడుతుంది. ఇరవై ఏళ్లు దాటిన కార్లకు 2025 ఆగస్టు నుంచి ఈ రుసుమును 10,000 రూపాయలు చేశారు కాబట్టి, ఈ అయిదేళ్లు వాడుకుని ఆ తర్వాత మళ్లీ ఆలోచించుకోండి.

ప్రశ్న అడిగినవారి నుంచి

అందరికీ ధన్యవాదాలు. ఈ వారమే లిఫ్టు మీద చూపించి, తుప్పు లేకపోతే మౌంట్ల పని మొదలుపెడతాను. ఒక్క సందేహం మిగిలింది. ఇంత పాత బండికి థర్డ్ పార్టీ బీమా (మన బండి వల్ల ఎదుటివారికి జరిగే నష్టానికి మాత్రమే వర్తించేది) ఒక్కటే సరిపోతుందని ఏజెంటు అంటున్నారు. నిజమేనా?

సమాధానం: విజయవాడ, అజిత్‌సింగ్ నగర్ నుంచి

చట్టానికి సరిపోతుంది. వెయ్యి సీసీ లోపు కారు కాబట్టి థర్డ్ పార్టీ ప్రీమియం ఏడాదికి 2,094 రూపాయలు, దాని మీద జీఎస్టీ ఉంటే అది, యజమాని వ్యక్తిగత ప్రమాద బీమా అదనం. అయితే 2024 సెప్టెంబరులో బుడమేరు మా పేట మీద పడినప్పుడు కార్లు పైకప్పు దాకా మునగడం చూసిన వాడిగా చెబుతున్నాను: థర్డ్ పార్టీ ఒక్కటే ఉన్నవారికి సొంత బండి నష్టం కింద ఏమీ రాదు. మీ బండి విలువ తక్కువ కాబట్టి సొంత నష్టం భాగానికి ప్రీమియం కూడా తక్కువే పడుతుంది, ఇన్నేళ్లుగా క్లెయిము చేయకపోతే 50 శాతం దాకా నో క్లెయిమ్ బోనస్ కూడా కలిసివస్తుంది. పల్లపు ప్రాంతంలో ఉంటే సమగ్ర బీమాయే తీసుకోండి. మెరకలో, అపార్టుమెంటు పై అంతస్తు పార్కింగులో ఉంటే మీ ఏజెంటు చెప్పినట్టే చేయవచ్చు.