అప్‌డేట్: లిబ్రేఆఫీస్ ప్లగిన్‌లో నీలి గీతలు వచ్చాయి

తెలుగు వాక్యాల నాణ్యతను చూసే ప్లగిన్‌ను పైథాన్‌లో రాస్తున్నానని, లిబ్రేఆఫీస్‌లో పత్రాలు రాసుకునే రైటర్‌లో అది ఇన్‌స్టాల్ అవుతున్నా తప్పుల కింద ఒక్క నీలి గీత కూడా పడటం లేదని అడిగాను కదా. ఇప్పుడు పనిచేస్తోంది. దారి చూపిన అందరికీ మనస్ఫూర్తిగా కృతజ్ఞతలు.

తప్పు చిన్నదే. లింగ్విస్టిక్.ఎక్స్‌సీయూ అనే సెట్టింగుల ఫైల్లో తెలుగు భాషా కోడ్ ఇవ్వలేదు. అది లేకపోతే తెలుగు వాక్యాలకు రైటర్ మన చెకర్‌ని అసలు పిలవదు.

గీతలు వచ్చాకే అసలు టెన్షన్ మొదలైంది. తప్పున్న మాట కింద కాకుండా పక్కకి జరిగి పడేవి. నేను కంటికి కనిపించే అక్షరాల్ని లెక్కపెట్టాను, రైటర్‌కి కావలసింది యూనికోడ్ స్థానాలు, అంటే కంప్యూటర్ విడివిడిగా దాచుకునే ఒక్కో గుర్తుకీ ఒక లెక్క. ‘స్త్రీ’ మనకు ఒక్క అక్షరం. అక్కడ మాత్రం 6: స, పొల్లు, త, పొల్లు, ర, గుడిదీర్ఘం. రెండు రాత్రులు దీనికే పోయాయి.

చదవడానికి ఎంత సులువో కొలిచే ఫ్లెష్ సూత్రాన్ని వదిలేశాను. అది ఇంగ్లిష్‌ని చూసి కట్టింది. ‘చేయలేకపోతున్నాను’ లాంటి మామూలు మాటను కూడా పొడవు చూసి కఠినం అంటుంది. దాని బదులు ‘వెళ్లి, చూసి, తెచ్చి, పెట్టి’ అంటూ సాగిపోయే వాక్యాల్ని పట్టుకుంటున్నాను. తెలుగులో చదివేవాణ్ణి అలసిపోయేలా చేసేది ఆ గొలుసే అని నా నమ్మకం. చివర ‘ఇ’ చూసి గుర్తుపడితే ‘మంచి’, ‘గురించి’, ‘నుంచి’ కూడా దొరికిపోతున్నాయి కాబట్టి మినహాయింపుల జాబితా పెట్టాను. అది ఇంకా పెరుగుతూనే ఉంది. మీకు తట్టిన మాటలుంటే చెప్పండి, చేరుస్తాను.