డాలస్‌కు అమ్మానాన్నల ప్రయాణం: ఒకే టికెట్టా, విడివిడి టికెట్లా?

ప్రశ్న: డిసెంబరు చివర అమ్మానాన్నలను హైదరాబాదు నుంచి డాలస్‌కు రప్పించుకోవాలనుకుంటున్నాను. దోహా మీదుగా ఒకే పీఎన్‌ఆర్‌పై కొనే టికెట్ కన్నా, శంషాబాదు నుంచి ఢిల్లీకి ఒకటి, అక్కడి నుంచి అమెరికాకు మరొకటి విడిగా కొంటే మనిషికి 18,000 రూపాయలు తగ్గుతోంది. అలా కొనడం సబబేనా?

మొదటి సమాధానం: సబబేనని నా అభిప్రాయం. విమానంలోని సీట్లను ధరల వారీగా తరగతులు చేసి అమ్ముతారు. చౌక తరగతి నిండగానే పై ధర కనిపిస్తుంది. అందువల్ల గూగుల్ ఫ్లైట్స్‌లో ఢిల్లీ, ముంబయి నుంచి కూడా వెతికి, తేదీలను రెండు మూడు రోజులు అటూ ఇటూ జరిపి చూసినవారికే తక్కువ ధర దొరుకుతుంది. నేను ఏటా ఇలాగే కొంటున్నాను.

రెండో సమాధానం: మీరు ఒంటరిగా, చేతిసంచితో వెళ్లేటప్పుడు అది చెల్లుతుంది, పెద్దవాళ్ల విషయంలో నేను ఒప్పుకోలేను. అమెరికా టికెట్లపై చాలావరకు 23 కిలోల పెట్టెలు రెండు తీసుకెళ్లనిస్తారు. విడిగా కొన్న దేశీయ టికెట్‌పై సాధారణంగా 15 కిలోలే. ఊరగాయలు, పొడులు, మనవల బట్టలు సర్దిన తర్వాత మిగతా 31 కిలోలకు కిలో లెక్కన కట్టవలసి వస్తే, ఆ 18,000లో మిగిలేదెంత? అంతకన్నా పెద్ద చిక్కు ఆలస్యం. ఒక జనవరిలో పొగమంచు వల్ల మా అత్తమామల విమానం ఢిల్లీకి నాలుగు గంటలు ఆలస్యంగా చేరింది. టికెట్లు వేరు కావడంతో రెండో సంస్థ వారిని ప్రయాణానికి రానివారిగా లెక్కగట్టి, తిరుగు టికెట్‌ను కూడా రద్దు చేసింది. ఒకే పీఎన్‌ఆర్ అయి ఉంటే తర్వాతి విమానంలో ఎక్కించే బాధ్యత సంస్థదే అయ్యేది. ఢిల్లీలో టెర్మినల్ 1లో దిగినవారు అమెరికా విమానం ఎక్కే టెర్మినల్ 3కు రోడ్డు మీదే వెళ్లాలి. ఇంగ్లీషు, హిందీ రాని ఆ ఇద్దరూ సామానుతో, చక్రాల కుర్చీ సాయం లేకుండా ఆ రాత్రి పడిన అవస్థ నేను మరచిపోలేను.

మొదటి సమాధానమిచ్చినవారు: పొగమంచు కాలాన్ని నేను లెక్కలోకి తీసుకోలేదు, ఆ నెలల్లో వద్దనే నేనూ చెబుతాను. అయితే ఢిల్లీ మీదుగా వస్తే, ఒకే టికెట్ ఉన్నా తిరుగు ప్రయాణంలో సాధారణంగా సామాను అక్కడే తీసుకుని, కస్టమ్స్ దాటి, మళ్లీ అప్పగించాలి. ఆ శ్రమను తప్పించేది నేరుగా హైదరాబాదులో దింపే దోహా, దుబాయి మార్గమే తప్ప ఒకే పీఎన్‌ఆర్ కాదు.

ప్రశ్న అడిగినవారు: నాన్నగారికి మోకాళ్ల నొప్పులున్నాయి. దోహా టికెట్టే తీసుకుని, చక్రాల కుర్చీకి ఈ రోజే నమోదు చేస్తున్నాను.