నీలం ముద్ర ఉన్న పాత డాలర్ నోటు: విలువ ఎంత?

అమెరికాలోని ఎడిసన్‌లో ఉంటామండీ. యార్డ్ సేల్‌లో (ఇంటి ముందు పెట్టి అమ్మే పాత సామాన్లలో) కొన్న కుట్టుమిషన్ సొరుగులో ఒక డాలర్ నోటు దొరికింది. సిరీస్ 1957. ముద్ర, సీరియల్ నంబరు రెండూ నీలం. పైన ‘సిల్వర్ సర్టిఫికేట్’ అని ఉంది. నాలుగు మడతలు, ఒక మూల నూనె మరక. ఇస్త్రీ చేస్తే రేటు పెరుగుతుందా?

జవాబు: అయ్యో, ఇస్త్రీ వద్దండీ! కడగడం కూడా వద్దు. కొనేవాళ్లు ఇట్టే పట్టేస్తారు, ఉన్న విలువా పోతుంది. ప్లాస్టిక్ కవరులో పెట్టండి. ఈ నోటు ఇస్తే 1968 జూన్ 24 వరకు అమెరికా ప్రభుత్వం బదులుగా వెండి ఇచ్చేది. కోట్లలో అచ్చేశారు కాబట్టి, మడతలు పడ్డదానికి డాలరు మీద కొంచెమే ఎక్కువొస్తుంది.

ఇంకొకరు: సీరియల్ నంబరు ముందు నక్షత్రం ఉందా? ఉంటే పాడైన నోటుకు బదులుగా వేసింది. కాస్త మెరుగు.

అడిగినవారు: భూతద్దం పెట్టి చూశాను, లేదండీ. ‘ఇన్ గాడ్ వుయ్ ట్రస్ట్’ (దేవుణ్ణి నమ్ముతాం) అన్న మాట మొదట కాగితం నోట్లకెక్కింది ఈ సిరీస్‌తోనేనట. నోటుని అమ్మేయను, పాపకి దాచిపెడతాను.