రాత్రి పాలలా, తెల్లారితే మడ్డి: కర్క్యుమిన్ నానో కణాలు నిలవడం లేదు

కోనసీమ ఎంఫార్మ్:
ఎం.ఫార్మసీ ప్రాజెక్టుకి కర్క్యుమిన్ నానో కణాలు చేస్తున్నానండి. పసుపులో ఉండేదే, నీళ్ళలో కరగనంటుంది. అసిటోన్‌లో కరిగించి, సోడియం లారిల్ సల్ఫేట్ (సబ్బులాంటిది, కణాలకి ఋణావేశం ఇస్తుంది) కలిపిన నీళ్ళలోకి సిరంజితో చుక్కచుక్కగా వదులుతున్నాను. గంటసేపు పల్చటి పసుపు పాలలా ముచ్చటగా ఉంటుంది. తెల్లారేసరికి పైన తేట, అడుగున మడ్డి. బయటి ల్యాబులో కొలిపిస్తే మొదటిరోజు సైజు 190 నానోమీటర్లు, జీటా (కణాల మీది ఆవేశానికి కొలత) మైనస్ 11 మిల్లీవోల్టులు. మా గైడేమో స్టిర్రర్ స్పీడు పెంచమంటారు. 1,500 ఆర్‌పీఎం దాకా పెంచాను, మడ్డి తగ్గలేదు. వచ్చే నెల సెమినార్, ఒకటే టెన్షన్.

పాత ఫార్ములేషన్ చెయ్యి:
స్పీడు గొడవ కాదమ్మా. లారిల్ సల్ఫేట్ వేశాక జీటా మైనస్ 30 దగ్గర ఉండాలి, 11 ఏమిటి? నీళ్ళు ఎక్కడివి? వరదలప్పుడు ఎర్రనీళ్ళ బిందెలో పటిక తిప్పుతాం కదా. మట్టి రేణువులు ఋణావేశంతో ఒకదాన్నొకటి తోసుకుంటూ తేలుతుంటాయి. పటికలోని అల్యూమినియం ఆ ఆవేశాన్ని చంపేస్తే బురద దిగిపోతుంది. నీ బీకరులోనూ ఎవరో పటిక వేసినట్టుంది.

కోనసీమ ఎంఫార్మ్:
ఆయ్, దొరికిపోయాను. డిస్టిలేషన్ యూనిట్ కాయిల్ కాలి నెలైంది. బోరు నీళ్ళే వడపోసి వాడుతున్నాను. బాబాయి రొయ్యల చెరువు టీడీఎస్ మీటరు (నీళ్ళలో కరిగిన ఉప్పులు కొలిచేది) ముంచితే 1,140 చూపించింది!

పాత ఫార్ములేషన్ చెయ్యి:
వడపోస్తే ఉప్పు పోతుందా! ఆ ఉప్పే నీ బీకరులో పటిక. నీళ్ళు మార్చు. అయినా ఆవేశం ఒక్కదాన్నే నమ్ముకోకు, మందు చివరికి వెళ్ళేది కడుపులోకి, అక్కడా ఉప్పే. పొలాక్సమర్ 188 అనే పాలిమర్ కూడా కలుపు. దాని తోకలు నీళ్ళలోకి చాచుకుని, ఉప్పున్నా కణాల్ని దగ్గరకి రానివ్వవు.

కాకినాడ నుంచి:
అసిటోన్ పూర్తిగా పోగొడుతున్నారా? మిగిలితే చిన్న కణాలు కరిగి పెద్దవాటి మీద పేరుకుంటాయి, ఆస్ట్‌వాల్డ్ రైపెనింగ్ అంటారు. మూత తీసి రాత్రంతా తిప్పమని వదిలితే కరెంటు పోయి నా బ్యాచ్ ఒకటి పాడైంది. చుక్కలుగా కాదు, ఒక్క ఊపున పొయ్యండి. బీకరుకి ఫాయిల్ చుట్టండి, కర్క్యుమిన్‌కి వెలుతురు పడదు. ఫ్రీజ్ డ్రై (గడ్డకట్టించి ఆరబెట్టడం) చేసే ఆలోచన ఉంటే ముందు ట్రెహలోజ్ అనే చక్కెర కలపండి. లేకపోతే మంచు గడ్డకడుతూ కణాల్ని ఒకచోటికి నెట్టేస్తుంది.

కోనసీమ ఎంఫార్మ్:
డిస్టిల్డ్ వాటర్ కొన్నాను, మీటరులో 4. పొలాక్సమర్ వేసి ఇవాళ్టికి ఐదో రోజు. సీసా వాల్చి ట్యూబ్‌లైటు కింద చూస్తే అడుగున గోటిగీత మందాన పసుపు, అంతే. బోరు నీళ్ళ సంగతి గైడుకి ఇంకా చెప్పలేదండి.