ఉల్లిపూల క్లోజప్: గాలి, తెలుపు, ఫోకస్

పెరటి_లెన్సు: ఉల్లి పూతకొచ్చింది. ఏపీఎస్-సీ (ఫుల్‌ఫ్రేము కన్నా చిన్న సెన్సారు) కెమెరా, 50 ఎంఎం లెన్సు, దగ్గరగా ఫోకస్ అయ్యేందుకు లెన్సు వెనక బిగించే 25 ఎంఎం ఎక్స్‌టెన్షన్ ట్యూబు ఉన్నాయి. గుత్తి మొత్తం బాగా వస్తోంది. ఒక్క పువ్వు తీస్తే కేసరాలు పదునుగా ఉంటే రేకులు మసక. ఎఫ్/16 పెడితే అంతా మెత్తబడుతోంది. మార్గం చెప్పండి.

రివర్స్_రింగు: ఎఫ్/16 వద్దండి. దగ్గరికి వెళ్లే కొద్దీ లెన్సు మీద కనిపించే అంకె కన్నా అసలు ఎపర్చరు (వెలుతురు వచ్చే రంధ్రం) ఇంకా చిన్నదైనట్టే. 1:1 (సెన్సారు మీద బొమ్మ వస్తువంత సైజులో పడటం) దగ్గర ఎఫ్/16 అంటే ఎఫ్/32తో సమానం, డిఫ్రాక్షన్ (చిన్న రంధ్రం అంచున వెలుతురు చెదరడం) పదును తినేస్తుంది. ఎఫ్/5.6, ఎఫ్/8 మధ్యలో ఉండండి. 1:1లో ఎఫ్/8కి ఫోకస్‌లో నిలిచే మందం అర మిల్లీమీటరు పైచిలుకే. పువ్వు లోతు 6 మి.మీ. ఉందనుకుంటే ఒక్క ఫ్రేములో పట్టే పని కాదు. ఫోకసింగ్ రైలు మీద 0.3 మి.మీ. చొప్పున జరుపుతూ 20-25 ఫ్రేములు తీసి స్టాక్ చేయాలి, అంటే ఒక్కోదాంట్లో పదునైన భాగాలను సాఫ్ట్‌వేర్‌తో ఒకే బొమ్మగా కలపాలి. పువ్వు ఇంకా ఫోకస్‌లోకి రాకముందే మొదలుపెట్టి, వెనక రేకు దాటాకే ఆపండి. చివర్లో ఒక్క ఫ్రేము తగ్గినా ఆ రేకు అంచు మసకగా మిగిలిపోతుంది.

కాడకట్టు: స్టాక్ కన్నా ముందు గాలి సంగతి చూడాలి. ఉల్లి పూకాడ లోపల బోలు, బరువంతా తలమీదే. గుత్తికి రెండంగుళాల కింద వెదురుపుల్ల ఆనించి, బట్టల క్లిప్పు మధ్య స్పాంజి ముక్క పెట్టి పట్టించండి. స్పాంజి లేకపోతే కాడ నలిగి అక్కడే వంగిపోతుంది. కాడ నిలిచినా ఒక్కో పువ్వు తొడిమ సన్నంగా, పొడుగ్గా ఉంటుంది కాబట్టి అది విడిగా వణుకుతుంది. గాలి వచ్చే వైపు థర్మాకోల్ షీటు నిలబెడితే అడ్డుగానూ ఉంటుంది, నీడ వైపుకు వెలుతురూ తిప్పుతుంది.

పుప్పొడి: పొద్దున్నే గాలి ఉండదని అప్పుడే తీస్తే పుప్పొడి దొరకదు. పరాగకోశాలు (కేసరాల కొనన ఉండే పుప్పొడి సంచులు) ఎక్కువగా తొమ్మిది దాటి ఎండ పడ్డాకే పగులుతాయి. ఆరు కేసరాల్లో లోపలి మూడు ముందు, బయటి మూడు తర్వాత. ఆ సమయానికి కీలం (పువ్వు నడిమి ఆడ భాగపు సన్నని కాడ) ఒక మిల్లీమీటరే, పుప్పొడి రాలాక అయిదు మిల్లీమీటర్ల దాకా సాగుతుంది. పువ్వులన్నీ ఒకేసారి విచ్చవు కనుక ఒకే గుత్తిలో మొగ్గ, లేత పువ్వు, ముదురు పువ్వు మూడూ దొరుకుతాయి. ఉల్లి పువ్వులో నాకు అన్నిటికన్నా నచ్చేది ఇదే. కాడ కోసి నీళ్ల సీసాలో పెట్టి గదిలో తీసినా పూలు విచ్చుతూనే ఉంటాయి, గాలి బెడద తప్పుతుంది.

పెరటి_లెన్సు: చాలా ఉపయోగం, ధన్యవాదాలు. నల్లటి వెనకభాగంతో తీస్తే రేకులు సున్నం కొట్టినట్టు వస్తున్నాయి. ఆకుపచ్చ నడి ఈనె కూడా కనపడట్లేదు.

రివర్స్_రింగు: ఫ్రేములో నలుపు ఎక్కువైతే కెమెరా లైట్ మీటరు ఎక్స్‌పోజరు పెంచేస్తుంది. ఎక్స్‌పోజరు కాంపెన్సేషన్ మైనస్ 1 స్టాప్‌తో (సగం వెలుతురుతో) మొదలెట్టి, రా ఫైలు (కెమెరా కుదించని పూర్తి డేటా) తీసి, హిస్టోగ్రాం (వెలుతురు పంపకం చూపే గ్రాఫు) కుడి అంచు తగలకుండా చూసుకోండి. గుత్తి ఫ్రేమంతా నిండితే ఇది తిరగబడుతుంది, తెలుపు బూడిద రంగుకు దిగుతుంది, అప్పుడు ప్లస్ 0.7 దాకా కావాలి. స్టాక్‌కు మాత్రం మాన్యువలే, వైట్ బ్యాలెన్స్ కూడా లాక్ చేయాలి. ఫ్లాష్‌ను 1/16 పవర్‌లో పెట్టి, ముందు రెండు పొరల ట్రేసింగ్ పేపరు అడ్డం కడితే ఈనె తేలుతుంది.

కాడకట్టు: కేసరాలు ఒకదాని మీదుగా ఒకటి దాటేచోట స్టాక్‌లో తెల్లటి అంచులు వస్తాయి. స్టాక్ చేసే సాఫ్ట్‌వేర్ జెరీన్ స్టాకర్‌లో పీమ్యాక్స్, డీమ్యాప్ అని రెండు పద్ధతులుంటాయి. పీమ్యాక్స్ ఆ దాట్లను బాగా పట్టుకుంటుంది, కానీ నాయిస్ (బొమ్మలో గరుకు చుక్కలు) పెంచుతుంది. రేకుల నునుపుకు డీమ్యాప్ మేలు. రెండూ తీసి, డీమ్యాప్ బొమ్మ మీద కేసరాల వరకు పీమ్యాక్స్ ఫలితాన్ని బ్రష్‌తో దించండి.

స్లైడు_పెట్టె: పూత లేని రోజుల్లో ఉల్లిపొరే తీయొచ్చు. ఎర్ర ఉల్లి రేకు బయటి వైపు నుంచి సన్నని ఊదా పొర ఒలిచి, గాజుపలక మీద నీటిబొట్టులో పరిచి, కింద నుంచి వెలుతురు ఇవ్వండి. రంగు కలపనక్కర్లేదు, 2:1లో కణాల గోడలు కనిపిస్తాయి. కవర్‌స్లిప్‌ను (పైన కప్పే పలుచని గాజు ముక్కను) ఒక అంచు ఆనించి మెల్లగా వాల్చాలి, లేదంటే బుడగలు నల్లటి వలయాలై ఫ్రేమును ఆక్రమిస్తాయి. తర్వాత 100 మి.లీ. నీళ్లలో 5 గ్రాముల ఉప్పు కలిపి, ఆ చుక్క ఒక అంచున వేసి, అవతలి అంచున టిష్యూ ఆనిస్తే ఉప్పునీరు లోపలికి లాగుతుంది. కొద్ది నిమిషాల్లో ఊదా రంగు కణం గోడలను వదిలి మధ్యకు ముడుచుకుంటుంది. కెమెరా కదపకుండా పది సెకన్లకో ఫ్రేము తీయండి.