మేక పొట్టలోని బాక్టీరియాను నిర్ణయించేది ప్రాంతమా, మేతా?

నల్లరేగడి: హవాయి మేకలు సుబాబుల్ ఆకును నిశ్చింతగా మేస్తుండగా, ఆస్ట్రేలియా పశువులకు అదే ఆకుతో వెంట్రుకలు రాలి థైరాయిడ్ గ్రంథి ఉబ్బేది. ఆకులోని మిమోసిన్ పొట్టలో డీహెచ్‌పీ అనే విషంగా మారుతుంది. దాన్ని విచ్ఛిన్నం చేసే బాక్టీరియా హవాయి మేకల పెద్దపొట్టలో ఉండేది. 1980ల మొదట్లో ఆస్ట్రేలియా శాస్త్రవేత్త రేమండ్ జోన్స్ ఈ తేడాను గుర్తించారు. బయటి మేకల పెద్దపొట్ట ద్రవాన్ని ఎక్కించాక ఆస్ట్రేలియా పశువులూ ఆ ఆకును తట్టుకున్నాయి. 1992లో ఆ బాక్టీరియాకు ఆయన పేరుతోనే సినర్జిస్టిస్ జోన్సియై అని నామకరణం చేశారు. ప్రాంతంతో పనిలేదనేవారు దీనికేమంటారు?

గడ్డివాము: ఒక్క బాక్టీరియాను చూపి మొత్తం పొట్ట గురించి తీర్పు చెప్పకండి. 2015లో వెలువడిన పరిశోధనలో 35 దేశాల నుంచి 742 పశువుల పొట్ట నమూనాలను పరిశీలిస్తే, ముఖ్యమైన బాక్టీరియా వర్గాలు అన్నిచోట్లా దాదాపు అవే కనిపించాయి. తేడాలకు ప్రధాన కారణం మేత, ఆ తరువాత పశుజాతి.

నల్లరేగడి: ఆ 742లో సంతలో కొన్న మేకలెన్ని?

చెరువుగట్టు: మా ప్రకాశం జిల్లాలో సుబాబుల్ కాగితం మిల్లుకు పోయే కర్ర. ఆకు మాత్రం మేకలదే.

గడ్డివాము: నమూనాల సంఖ్య దగ్గరే ఆగిపోతే చర్చ సాగదు.

పశువైద్య విద్యార్థి: ఆస్ట్రేలియాలో ఆ బాక్టీరియా బొత్తిగా లేదన్న మాటపై ఇప్పుడు సందేహాలున్నాయి. ద్రవం ఎక్కించని పశువుల్లోనూ అది తక్కువ సంఖ్యలో కనిపించింది. పైగా కాలేయం కూడా డీహెచ్‌పీని మరో పదార్థంతో జతచేసి మూత్రంలో పంపేస్తుందని ఇండోనేసియా పశువుల్లో గమనించారు.

నల్లరేగడి: గ్రంథాల సంగతి అలా ఉంచండి. దూరపు సంతలో కొన్న నా మేకలకు సుబాబుల్ తోటలో మేశాక వెంట్రుకలు రాలాయి. అదే తోటలో మేసిన నా పాత మేకలకు ఏమీ కాలేదు. అమ్మినవాడేమో మేత తప్పంటూ చేతులు దులుపుకున్నాడు.

గడ్డివాము: కొత్త మేకలకు కొద్దికొద్దిగా అలవాటు చేయకుండా ఒకేసారి తోటలోకి వదిలితే ఏమవుతుందనుకున్నారు?

నల్లరేగడి: ఇదిగో, అసలు మాట బయటపడింది! మేతే కారణమని తేల్చినప్పుడల్లా తప్పు కొన్నవాడి నెత్తినే పడుతుంది.

గడ్డివాము: ప్రాంతమే కారణమంటే అమ్మినవాడి నెత్తిన పడుతుంది. నేనూ మేకలు అమ్ముతాను. ఎవరి తోటలో ఏ చెట్టుందో నాకెలా తెలుస్తుంది?

పశువైద్య విద్యార్థి: పాత మేకలను, కొత్తవాటిని ఒకే కొట్టంలో కలిపి ఉంచి, ఆకును నెమ్మదిగా పెంచండి. ఆస్ట్రేలియాలో మందలో కొన్నింటికి ద్రవం ఎక్కిస్తే, ఆ బాక్టీరియా మిగతావాటికి వ్యాపించేది.

నల్లరేగడి: అది ముందు జాగ్రత్త. నేనడిగేది వేరు. గడ్డివాము గారూ, మీరు అమ్మే మేక అంతవరకూ ఏయే ఆకులు మేసిందో రాసి ఇస్తారా?

గడ్డివాము: అడిగితే నోటితో చెబుతాను. కాగితం మీద మాత్రం రాయను.